నెత్తి మీద చెయ్యి

మనుషులకి సాటి మనుషుల ముందు ఉండే సిగ్గు మరబొమ్మ ముందు ఉండదు. ఈ సంగతి ఆ ఫిజియోథెరపీ క్లినిక్‌లో అందరికంటే ఎక్కువ తెలిసింది ప్రసూనకి. ఎందుకంటే ఆ మరబొమ్మ నోట్లో నాలుక ఆమెదే.

క్లినిక్ బిలాస్‌పూర్ రైల్వే కాలనీని ఆనుకుని ఉన్న రోడ్డు మీద, ఒక మందుల దుకాణం పై అంతస్తులో ఉంది. బెంగళూరు కంపెనీ ఒకటి కొన్ని నెలలు వాడి చూడమని అక్కడికి ఒక మరబొమ్మని పంపించింది. ఛాతీ ఎత్తు, తెల్లటి ప్లాస్టిక్ ఒళ్ళు, రెండు చేతులు, ముఖం ఉండాల్సిన చోట రెండు గుండ్రటి కళ్ళు మెరిసే తెర. పేరు సాథీ. చెయ్యెత్తమంటే తానూ చెయ్యెత్తి చూపిస్తుంది. అంకెలు లెక్కపెడుతుంది. బాగా చేశారని మెచ్చుకుంటుంది. మెచ్చుకోవడం అనేది మన ఇళ్ళల్లో ముసలివాళ్ళకి ఎవరూ చెయ్యని పని కాబట్టి, వారం తిరక్కుండానే జనం దానికి అలవాటు పడిపోయారు. ఒక రిటైర్డ్ గార్డుగారు వస్తూనే దానికి సలాం కొట్టేవారు. రతన్‌పూర్ నుంచి బస్సులో వచ్చే ఒకావిడ దాని నుదుట కుంకుమ పెట్టి, డాక్టరు తుడిపించినప్పుడల్లా మళ్ళీ పెట్టేది. డాక్టరు ప్రతాప్ మాట వినని నడుములు, మోకాళ్ళు సాథీ మాట వినేవి.

ఇబ్బంది ఒక్కటే. దానికి హిందీ వచ్చు, తెలుగు రాదు. అక్కడికి వచ్చే పేషెంట్లలో సగానికి సగం మన రైల్వే కుటుంబాలవాళ్ళు. తాతలనాడు శ్రీకాకుళం, విజయనగరం నుంచి వచ్చి లోకో షెడ్డులోనూ పట్టాల మీదా పనిచేసి ఇక్కడే ఉండిపోయినవాళ్ళు. వాళ్ళు 'ఏటి' అనగానే అది 'మాఫ్ కీజియే, ఫిర్ సే బోలియే' అని మళ్ళీ చెప్పమనేది. కంపెనీవాళ్ళు ఒక ఉపాయం చెప్పారు. అది నేర్చుకునేదాకా తెలుగు వచ్చిన మనిషిని చాటున కూర్చోబెట్టి మాట్లాడించండి, ఆ మాటలన్నీ రికార్డు చేసి మేం దానికి నేర్పుకుంటాం, పేషెంట్లకి మాత్రం చెప్పకండి, చెబితే మనసు విప్పి మాట్లాడరు అన్నారు. మనసు విప్పించుకోవడానికి మనిషిని దాచెయ్యాలన్నమాట. చదువుకున్నవాళ్ళ తెలివి ఇలాగే ఉంటుంది.

అలా బ్యాంకు పరీక్షలు రాస్తూ ఇంట్లో కూర్చున్న ప్రసూనకి ఉద్యోగం దొరికింది. ప్లైవుడ్ అడ్డు వెనక కుర్చీ, చెవులకి హెడ్‌ఫోను, ముందు ల్యాప్‌టాప్. తెరలో గది కనిపిస్తుంది. ఆమె మైకులో మాట్లాడితే అవతల సాథీ సన్నటి చిన్నపిల్ల గొంతుతో పలుకుతుంది. ఏ బటను నొక్కితే ఏ చెయ్యి లేస్తుందో నేర్చుకోవడానికి ఒక పూట పట్టింది. ఇందులో తప్పేమైనా ఉందన్న ఆలోచన ఆమెకి రాలేదు.

ప్రసూన తెలుగు ఆమె నానమ్మ దగ్గర నేర్చుకున్న తెలుగు. నానమ్మ పోయాక ఇంట్లో దాన్ని వాడే అవసరం తగ్గింది. ఎదురుగా మనిషి ఉంటే రెండు మాటలు తెలుగులో మొదలుపెట్టి మూడోది హిందీలోకి జారిపోయేది. చిన్నప్పుడొకసారి కాలనీలో పైడితల్లమ్మ పూజలో ఆమె ఏదో అంటే ఆడవాళ్ళంతా నవ్వారు. ఎగతాళి కాదు, ముద్దుగానే నవ్వారు. అయినా ఆ పిల్ల నాలుక అక్కడే ముడుచుకుపోయింది. అందరికంటే గట్టిగా నవ్వింది అప్పలనర్సమ్మ. వాళ్ళదీ కుదుదండ్ పేటలో ప్రసూన వాళ్ళ వీధే. అప్పట్నుంచీ ఆవిడ ఎదురుపడితే ప్రసూన 'నమస్తే ఆంటీ' అనేసి అడుగులు పెంచేది.

అటువంటిది, ప్లైవుడ్ వెనక కూర్చుంటే మాత్రం నానమ్మ తెలుగంతా తన్నుకుని వచ్చేది. ముఖం కనపడదన్న ధైర్యం.

అప్పలనర్సమ్మ మోకాలి ఆపరేషన్ అయి, చేతికర్రతో ఆ గదిలోకి వచ్చిన రోజు ప్రసూన తెరలో చూసి హెడ్‌ఫోను సర్దుకుంది. భర్త గోవిందరావు లోకో షెడ్డులో ఫిట్టరుగా పనిచేసి పోయాడు. కొడుకు తిరుమలరావు గూడ్సు బండి డ్రైవరు. కోడలు మీనాక్షి ఆటోలో తీసుకొచ్చి, బయట బల్ల మీద కూర్చుంది.

అప్పలనర్సమ్మ సాథీని పైనుంచి కిందికి చూసింది.

"ఏటే, నీకు తెలుగొచ్చేటి?"

"వొచ్చు మామ్మా."

"అచ్ఛా. మీదే ఊరు?"

దీనికి కంపెనీవాళ్ళు రాసిచ్చిన జవాబు ఉంది. నన్ను బెంగళూరులో తయారుచేశారు అని చెప్పాలి. కానీ బిలాస్‌పూర్‌లో పుట్టి పెరిగిన తెలుగువాళ్ళని మీదే ఊరని అడిగితే ఒక్కరూ బిలాస్‌పూర్ అనరు. కంటితో చూడని తాతల ఊరు చెబుతారు. ప్రసూనకీ అదే నోటికొచ్చింది.

"టెక్కలి దగ్గిర రావివలస."

"ఓలమ్మా. మాది కోటబొమ్మాళి. అయితే నిన్ను మా పక్కోలెవరో కూకోబెట్టి నేర్పించుంటారు. యంత్రానికి ఆ యాస ఎలగొస్తాది మరి?" ఆవిడ తృప్తిగా కుర్చీలో కూర్చుంది. "నాకు మనవరాలి వరసవుతావు. సాథీ గీథీ నాకొద్దు. సిన్నమ్మీ అంటాను."

వరస కలిపేశాక ఇంకేముంది. ఆవిడ చీర మోకాళ్ళ పైకి ఎగదోసి, కుట్ల మచ్చ చూపించి, సిన్నమ్మి ఒకటీ రెండూ అంటుంటే తానూ అంటూ కాలు చాపింది. మగ డాక్టరు ముందు చీర అంచు కదపని మనిషి.

ఆ తర్వాత ఆవిడ వచ్చే రోజు కోసం ప్రసూన ఎదురుచూడడం మొదలుపెట్టింది. ఆవిడ కబుర్లకి అంతుండేది కాదు. మనవలు హిందీలో తప్ప పలకరని, టీవీ తనకి అర్థం కాదని, ఆయన బతికున్నప్పుడు క్వార్టర్లో సాయంత్రం పూట నలుగురూ చేరేవారని చెప్పేది. ఒకరోజు ప్రసూన సంగతే వచ్చింది.

"మా ఈదిలో బంగార్రాజు కూతురుంది. తెలుగు ముక్క రాదు. ఎదురొస్తే నమస్తే ఆంటీ అని లగెత్తిపోతాది. నువ్వు నయమే, పిలాస్టిక్కువైనా మనిసిలాగ మాటాడతావు."

ప్రసూన మైకు ఆపి నోటికి చున్నీ అడ్డుపెట్టుకుని నవ్వింది. ఆ సాయంత్రం వీధిలో ఆవిడ ఎదురుపడితే ఆగి రెండు మాటలు ఆడదామనుకుంది. తీరా ఎదురుపడ్డాక 'నమస్తే ఆంటీ' అనే వచ్చింది.

ఒకనాడు అప్పలనర్సమ్మ కాలు సరిగా చాపలేకపోయింది. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. నీళ్ళు తాగు మామ్మా అంటే తల అడ్డంగా ఊపింది. కాసేపు సాథీ కళ్ళకేసి చూసి, గొంతు తగ్గించింది.

"సిన్నమ్మీ, నీకు సెప్తాను. నీకెవులున్నారు సెప్పడానికి? ఆపరేసనైన కాడ్నించి కుర్సీలోంచి లెగిసే లోపలే చీర తడిసిపోతంది. బాత్‌రూము దాకా ఎల్లలేకపోతన్నాను. కోడలికి తెలీకుండా నానే పిండి ఆరేసుకుంటన్నాను. అందుకే మజ్జానం దాటితే నీళ్ళు ముట్టను."

"డాక్టరుకి సెప్పు మామ్మా, మందుంటాది" అంది ప్రసూన.

"మగోడికా? సస్తే సెప్పను. నువ్వు యంత్రానివి కాబట్టి సెప్పినాను. మనిసివైతే నీకూ సెప్పకపోదును."

ఆ మాట దగ్గరే ప్రసూన మేలుకోవాల్సింది. వెళ్ళి ప్రతాప్‌కి ఒక ముక్క చెప్పి ఉంటే ఆయన చూడాల్సిన తీరులో చూసేవాడు. ప్రతాప్‌కి చెప్పలేదు. ఇంటికి వెళ్ళి అన్నం తింటూ అమ్మతో చెప్పింది. బాధపడుతూనే చెప్పింది. కానీ చెబుతున్నప్పుడు, ఇంత పెద్ద సంగతి నాకొక్కదానికే తెలుసన్న గొప్ప కూడా కాస్త ఉంది. అది తర్వాత ఆమెని బాగా కాల్చింది.

అమ్మ మంచిదే. మంచివాళ్ళ నోట్లో రహస్యం ఇంకా తొందరగా కారిపోతుంది, సాయం చేస్తున్నామన్న ధీమా కదా. బుధ్‌వారీ బజారులో కూరలు కొంటూ మీనాక్షి కనబడితే పక్కకి పిలిచి చెప్పింది. "నాను సెప్పినట్టు అనీకమ్మా. మీ అత్త నీళ్ళు మానేసి సిక్కిపోతంది, సూసుకో" అంది. మీనాక్షి అయ్యో అనుకుని, మందుల దుకాణానికి పోయి పెద్దవాళ్ళకి వేసే డైపర్ల ప్యాకెట్టు ఒకటి కొని, అత్తగారి మంచం పక్క గూట్లో పెట్టింది. నోటితో అడిగితే ఆవిడ సిగ్గుపడుతుందని, అడక్కుండా అక్కడ పెడితే ఆవిడే తీసుకుంటుందని ఆమె అనుకుంది. డ్యూటీ దిగి ఇంటికొచ్చిన తిరుమలరావు తల్లిని పలకరించడానికి గదిలోకి వెళ్ళి, ఆ ప్యాకెట్టు తీసి, "ఇదేటమ్మా, ఎవులికి?" అన్నాడు.

ఆ తర్వాతి సంగతి ప్రసూన హెడ్‌ఫోనులో విన్నది. ఆరోజు అప్పలనర్సమ్మతో మీనాక్షి రాలేదు. ఆవిడ ఒక్కతే ఆటోలో వచ్చి, మెట్లెక్కి, ఆయాసపడుతూ కూర్చుంది. కాలు చాపలేదు.

"కొడుకు సేతిలో అది సూసినాను సిన్నమ్మీ. కడుపున పుట్టినోడి సేతిలో. మీనాచ్చి నా పక్కబట్టలు వాసన సూస్తన్నట్టుంది. దొంగలాగ నా ఎనక తిరిగి కనిపెట్టింది. లేపోతే ఎలగ తెలుస్తాది? నాను ఎవులితోటీ అనలేదు. నీకే సెప్పినాను. నువ్వు సెప్పవు కదా."

ప్రసూన మైకు ఆపేసింది. సాథీ కళ్ళు రెండుసార్లు ఆర్పింది, అది దాని అలవాటు.

"సెప్పవులే. నాకు తెల్దేటి. దాని సేతి ముద్ద ఇంక ముట్టను. వరండాలో ఏరే పొయ్యెట్టుకున్నాను. నిలబడ్డానికి కాలు పీకేస్తంది గాని, గంజైనా నా గంజి నాను కాసుకుంటాను."

ఇంటికి వెళ్ళి ప్రసూన అమ్మతో పోట్లాడింది. అమ్మ కూడా గట్టిగానే అంది, "నీ కడుపులో దాగనిది నా కడుపులో ఎలగ దాగుతాదే?" రెండు రోజులు ప్రసూనకి అన్నం సయించలేదు. వీధి మలుపులోంచి చూస్తే వరండాలో ఇండక్షన్ పొయ్యి ముందు గోడకి చెయ్యి ఆనించి నిలబడ్డ అప్పలనర్సమ్మ కనిపించేది. లోపల తలుపు వారగా మీనాక్షి నిలబడి ఉండేది. ఏ పాపమూ ఎరగని, అయినా ఎవరు చెప్పారో బయటపెట్టలేని ఆమె కళ్ళు ఏడ్చి ఏడ్చి ఉబ్బి ఉండేవి. వాళ్ళిద్దరి మధ్యా ఉన్న గడపని చూస్తే, అక్కడ అడ్డంగా పడుకున్నది తానేనని ప్రసూనకి అనిపించేది.

ప్రతాప్‌కి చెప్పింది. ఆయన విని తల పట్టుకున్నాడు. మీ అమ్మకి చెప్పడం చాలా తప్పు అన్నాడు. అయినా ఇప్పుడు అసలు సంగతి బయటపెడితే పేషెంట్లందరూ మనల్ని తిడతారు, ఆవిడకి మందు సంగతి నేను లేడీ డాక్టరుతో మాట్లాడిస్తాను, నువ్వు మాత్రం నోరు విప్పకు అన్నాడు. రికార్డయిన ఆ మాటల సంగతేమిటి అని ప్రసూన అడిగితే, పేర్లు తీసేస్తారులే అన్నాడు. పేరు తీసేస్తే సిగ్గు పోతుందా అని ఆమెకి నోటిదాకా వచ్చింది. కానీ అనే హక్కు తనకెక్కడిది?

ఆ ఆదివారం ధైర్యం తెచ్చుకుని వాళ్ళింటికి వెళ్ళింది. అప్పలనర్సమ్మ వరండాలో వంకాయలు తరుగుతోంది.

"నమస్తే ఆంటీ."

"ఊఁ. ఏటి?"

"మీతో ఒక బాత్... అంటే, ఒక మాట చెప్పాలి. మీ బహు... మీనాక్షి వదిన తప్పు లేదు. క్లినిక్‌లో ఆ సాథీ... అందులో మాట్లాడేది నేను. పీఛే బైఠ్‌కే... వెనక కూర్చుని. మీరు చెప్పింది నేను విన్నాను. మా అమ్మతో నేనే చెప్పాను."

ముఖం ఎదురుగా ఉంది కదా, నానమ్మ తెలుగు ఎక్కడికో పారిపోయింది. చెప్పింది నిజమే, కానీ చెప్పిన తీరు ఆమెకే అబద్ధంలా వినిపించింది.

అప్పలనర్సమ్మ కత్తిపీట పక్కకి జరిపి, ఆమెని నిదానంగా చూసింది.

"నువ్వా? సిన్నమ్మివి నువ్వా? రెండు ముక్కలు కలిపి తెలుగు మాటాడలేవు, నువ్వు మాటాడతన్నావేటి దాన్లోంచి?" తర్వాత ఆవిడ చూపు లోపలి తలుపు మీదికి పోయింది. "నా కోడలు పంపిందేటి నిన్ను? దాని తప్పు కప్పెట్టడానికి నీకు నేర్పించి పంపిందేటి? మీనాచ్చీ, ఇలా రా. ఇరుగుపొరుగు పిల్లల సేత అబద్దాలాడిస్తన్నావా?"

మీనాక్షి బయటికొచ్చి ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి వెళ్ళిపోయింది. ప్రసూన ఎంత చెప్పినా ఆవిడ మళ్ళీ తలెత్తలేదు. నిజం చెప్పి ఆ ఇంటికి ఇంకాస్త నిప్పంటించి వచ్చింది ప్రసూన.

తర్వాతి వంతు రోజు అప్పలనర్సమ్మ వేళకి ముందే వచ్చింది. కుర్చీలో కూర్చుని, ఎప్పటిలాగే చీర మోకాళ్ళ పైకి తీసి, కొంచెం నవ్వింది.

"సిన్నమ్మీ, ఇన్నావా. బంగార్రాజు కూతురొచ్చి నువ్వు నువ్వు కావంది. తానంట నువ్వు." నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. "రాత్రంతా అదే గుబులు. నానెవుల్నీ నమ్మలేకపోతన్నాను. ఆ గుంట ఏడుస్తా సెప్పింది. అబద్దమాడేటోలు అలగ ఏడుస్తారా అని కూడా అనిపిస్తంది. నువ్వొక్క మాట సెప్పీ, ఇంక నాను సుబ్బరంగా ఉంటాను. ఆ సెయ్యి ఇలాగెట్టు."

ఆవిడ కుర్చీని చేతులతో ముందుకి జరుపుకుని, సాథీ కుడి చేతి కింద తల వంచింది.

"నా నెత్తి మీద సెయ్యెట్టి ఒట్టెయ్యి. లోపల మనిసి లేడని."

ప్లైవుడ్ వెనక ప్రసూనకి నానమ్మ గుర్తొచ్చింది. నానమ్మ ఉన్నప్పుడు తమ ఇంట్లో అబద్ధం ఆడడానికి అందరూ ఆడేవారు కానీ, నెత్తి మీద చెయ్యి పెట్టి మాత్రం ఎవరూ ఆడేవారు కారు. ఆ ఒట్టు తప్పితే ఆ చెడు ఒట్టేసినవాళ్ళకి కాదు, ఆ నెత్తికి తగులుతుంది. సైన్సులో మంచి మార్కులు తెచ్చుకున్న ప్రసూన దీన్ని నమ్ముతుందా అంటే నమ్మదు. ఆ నెరిసిన తల మీద పరీక్షించి చూడగలదా అంటే అదీ చెయ్యలేదు.

లేడు మామ్మా అంటే చాలు. ముసలావిడకి సిన్నమ్మి మిగులుతుంది. మీనాక్షి మాత్రం బతికినన్నాళ్ళూ పక్కబట్టలు వాసన చూసిన కోడలిగా ఉండిపోతుంది.

ఆమె బటను నొక్కింది. సాథీ చెయ్యి కొద్దిగా కిర్రుమంటూ లేచి, వంగి, అప్పలనర్సమ్మ తల మీద ఆనింది. ఆవిడ కళ్ళు మూసుకుంది. ప్రసూన హెడ్‌ఫోను తీసి బల్ల మీద పెట్టి, అడ్డు పక్కనుంచి ఇవతలికి నడిచొచ్చింది.

"ఒట్టు మామ్మా. నానే."

ఈసారి మాట జారలేదు. నానమ్మ గొంతే వచ్చింది.

అప్పలనర్సమ్మ కళ్ళు తెరిచింది. ప్లాస్టిక్ చేతి కింద నుంచి తల కదపకుండా ఆమెని చూసింది.

"టెక్కలి దగ్గిర ఏ ఊరు?"

"రావివలస. మా తాతది. నాను సూడలేదు." ప్రసూనకి కన్నీళ్ళు ఆగలేదు. "వొదినకేటీ తెలీదు మామ్మా. మాయమ్మతో నానే అన్నాను. మాయమ్మ వొదినతో అంది. నువ్వు నీళ్ళు తాగక సిక్కిపోతావని భయపడి వొదిన కొన్నాది. తప్పంతా నాదే. నన్ను కొట్టు మామ్మా."

ఆవిడ కొట్టలేదు. తిట్టినా ప్రసూన ప్రాణం కాస్త తేలికపడేది. ఆవిడ ముందు చేసిన పని, మోకాళ్ళ పైకి ఎగదోసిన చీరని రెండు చేతులతో కిందికి, పాదాలు కప్పేదాకా లాక్కోవడం. అన్నాళ్ళూ ఆ మోకాళ్ళని చూసింది మనిషని అప్పుడే అర్థమైనట్టు చాలాసేపు ఆ అంచుని సర్దుకుంది. తర్వాత సంచీలోంచి ఫోను తీసి, కోడలికి చేసింది.

"మీనాచ్చీ. నానే. వరండాలో ఆ పొయ్యి తీసీమ్మా. రాత్రికి నాకూ కలిపే వొండు." అవతల ఏమందో వినపడలేదు. "నా నోరు మంచిది కాదే తల్లీ. ఇంటికొచ్చి సెప్తాను. ఏడవకు."

ఫోను సంచీలో పెట్టుకుంది. ప్రసూన ఇంకా అక్కడే నిలబడి ఉంది. ఒక్క మాట, తెలుగులో ఒక్క తిట్టు పడితే చాలని చూస్తూ ఉంది. అప్పలనర్సమ్మ ఆమె ముఖంకేసి, టిక్కెట్టు కౌంటరులో తెలియని మనిషిని చూసినట్టు మర్యాదగా చూసింది.

"ఏ హాత్ హటావో, బేటీ" అంది.

తనకి సరిగా రాని హిందీలో. కూరలవాడితో, ఆటోవాడితో, పరాయివాళ్ళందరితో మాట్లాడే హిందీలో.

ప్రసూన అడ్డు వెనక్కి వెళ్ళి బటను నొక్కింది. చెయ్యి కిందికి దిగింది. ఇంటికి వెళ్ళిపోతుందేమోనని తెరలో చూసింది. అప్పలనర్సమ్మ వెళ్ళలేదు. డబ్బు కట్టిన వైద్యం, కాలు బాగుపడాలి, ఇంట్లో కోడలికి బరువు కాకూడదు. కుర్చీ గోడ వైపు తిప్పుకుని, సాథీకి వీపు పెట్టి, చీర పాదాల దాకా ఉండగానే కాలు ముందుకి చాపింది.

బల్ల మీది హెడ్‌ఫోనులోంచి ఆవిడ గొంతు సన్నగా వినిపిస్తోంది. ఏక్. దో. తీన్. మైకు ప్రసూన ముందే ఉంది. ఆమె దాన్ని ముట్టుకోలేదు.